తొంభై రోజుల మురికి

గెడ్డపాలెం పురపాలక సంఘం కార్యాలయంలో నేల ఎందుకు అంత శుభ్రంగా ఉంటుందో పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ అడగలేదు. శుభ్రంగా ఉన్న నేలను చూసి ఎవరికీ అనుమానం రాదు కదా. ప్రభుత్వ కార్యాలయంలో అనుమానం రావాలంటే ముందు ఒక కాగితం రావాలి. ఆ కాగితం ఒక సోమవారం, పదకొండు గంటల టపాలో వచ్చింది.

అంతవరకూ నేల సంగతి సూరీడమ్మ ఒక్కర్తే చూసుకునేది. కాంట్రాక్టు ఏజెన్సీ తరఫున ఆ ఆఫీసు ఊడ్చి కడిగే మనిషి ఆమె. యాభై దాటిన వయసు, బిగించి దోపిన చీరకొంగు, ఎవరికీ జంకని నోరు. స్టోరు నుంచి నెలనెలా ఫినాయిలు సీసాలు రావాలని నియమం. మొదటి ఏడాది రెండు వచ్చాయి. ఆ తరువాత సీసాలు మానేసి, సీసాలు త్వరలో వస్తాయన్న ఉత్తరాలు రావడం మొదలైంది. ఉత్తరాలతో నేల కడగడం కుదరక సూరీడమ్మ తన అత్త పద్ధతి పట్టుకుంది. కుంకుడుకాయలు చితక్కొట్టి, గింజలు ఏరి, ముందురోజు నానేస్తుంది. పొద్దున్నే జ్యూసు బండి దగ్గర పారేసిన నిమ్మతొక్కలు నాలుగు, గుప్పెడు వేపాకు వేసి ఒక్క పొంగు రానిచ్చి వడగడుతుంది. గుమ్మం మీది ఇత్తడి బోర్డుకు చింతపండూ ఉప్పూ, చేతులు కడుక్కునే తొట్టికి పొయ్యిలో బూడిద. ఈ సరంజామా అంతా మెట్లకింద ఒక నల్లకుండ చుట్టూ సర్దుకుంది.

ఆ ఆఫీసు నేల పాతకాలపు ఎర్ర గచ్చు. వరండా నడిమధ్య ఎనిమిది రేకల తెల్లపువ్వు ఒకటి ఎప్పటి మేస్త్రీయో దిద్ది వెళ్ళాడు. తొమ్మిదిన్నరకల్లా తడి ఆరి ఆ పువ్వు తేలేది. అప్పుడు సూరీడమ్మ మెట్టు మీద కూర్చుని రెండు నిమిషాలు దానివంక చూసుకునేది. ఆ తరువాత గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకుని రమ్మని గదమాయించేది.

సోమవారం నాటి కాగితం పేరు ప్రకృతి పరిశుభ్రతా పథకం. "ఇందుమూలముగా సమస్త కార్యాలయాధిపతులకు తెలియజేయునదేమనగా" అని మొదలై, రసాయనాలతో కూడిన ద్రవములను విసర్జించి, సహజ పదార్థములతో స్వయముగా తయారుచేసుకొనిన ద్రవములతోనే కార్యాలయములను శుభ్రపరచవలెనని అందులో ఉంది. మేనేజర్ దాలినాయుడు దాన్ని సిబ్బందికి చదివి వినిపించాడు. వెనకాల చీపురు పట్టుకుని నిలబడిన సూరీడమ్మకి సంతోషం ఆగలేదు. ఇన్నాళ్ళకి పైవాళ్ళకి బుద్ధి వచ్చిందనుకుని, నేరుగా కమిషనర్ గారి గదిలోకి వెళ్ళింది.

కమిషనర్ విశ్వపతి గారు కాగితాన్ని గౌరవించే మనిషి. ఒకప్పుడు ఎన్నికల్లో బ్యాలెట్ పెట్టెలున్న గదికి నలభై ఒక్క రోజులు కాపలా ఉండి, ఒక్క లక్క ముద్ర కూడా చెదరకుండా అప్పగించినందుకు ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అది ఫ్రేము కట్టి ఆయన కుర్చీ వెనక గోడకి వేలాడుతూ ఉంటుంది. ఆనాటి నుంచీ లక్క ముద్ర వేసిన వస్తువుకి లోకంలో ఏ హానీ జరగదని ఆయన గట్టి నమ్మకం.

"నాను సేసేది అదే బాబూ," అంది సూరీడమ్మ. "కుంకుడుకాయ, నిమ్మతొక్క, ఏపాకు. పందొమ్మిదేళ్ళబట్టి మీరంతా నడుస్తన్నది దాని మీదే."

విశ్వపతి గారు కలం కింద పెట్టారు. "అనగా, పంతొమ్మిది సంవత్సరాలుగా ఈ కార్యాలయంలో ధృవీకరణ లేని ద్రవం ప్రయోగింపబడుతున్నది."

దాలినాయుడిని పిలిచి వాంగ్మూలం నమోదు చేయించారు. సదరు ద్రవం సూత్రాన్ని రూపొందించినది ఎవరని అడిగితే, మా అత్త అని చెప్పింది. ఆవిడ అర్హత ఏమిటన్నారు. సూరీడమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆలోచించి, నలుగురు కోడళ్ళ చేత పని చేయించిందని చెప్పింది. అర్హత అన్న గడిలో దాలినాయుడు 'నలుగురు కోడళ్ళ అత్త' అని రాశాడు. ఆయన మంచివాడే. ఆయనకి లోకంలో ఒక్కటే భయం, ఖాళీగా ఉండిపోయిన గడి.

సాయంత్రానికల్లా మెట్లకింది నల్లకుండని స్వాధీనం చేసుకుని, గుడ్డ చుట్టి, లక్క ముద్ర వేసి రికార్డు గదిలో పెట్టారు. ధృవీకరణ పొందిన ద్రవం తయారయ్యేవరకు కార్యాలయంలో మరే ఇతర ద్రవమూ వాడరాదని ఉత్తర్వు అంటించారు.

ఆ ద్రవం ఎలా తయారుచెయ్యాలో నేర్పడానికి బుధవారం ఒక నిపుణుడు వచ్చాడు. ఖద్దరు లాల్చీ వేసుకుని, తెర మీద బొమ్మలు చూపిస్తూ మూడు గంటలు మాట్లాడాడు. బెల్లం ఒక పాలు, నిమ్మజాతి తొక్కలు మూడు పాళ్ళు, నీళ్ళు పది పాళ్ళు కలిపి తొంభై రోజులు ఊరబెట్టాలి. రోజూ ఒకసారి మూత తీసి గాలి వదలాలి. చివరి వరసలో కూర్చున్న సూరీడమ్మకి అన్నీ అర్థమయ్యాయి. ఆమె పుట్టింటి వైపంతా జీడిమామిడి తోటలు. రాలిన పళ్ళు కుండల్లో ఊరబెట్టేవాళ్ళు, మూత బిగిస్తే కుండ ఏం చేస్తుందో చిన్నప్పుడే చూసింది. ఆమెకి అర్థం కానిది ఒకటే. కుంకుడుకాయ రాత్రికి రాత్రే నానిపోతుంటే దీనికి తొంభై రోజులెందుకని లేచి అడిగింది. నిపుణుడు చిరునవ్వు నవ్వి, ఒక్క రాత్రిలో అయిపోయేదాన్ని పథకం అనరని చెప్పాడు.

మర్నాడు దాలినాయుడు సందేహాలకు సమాధానాలు టైపు చేసి గోడకి అంటించాడు. ఈ తొంభై రోజులూ మామూలు నీళ్ళతో కడగవచ్చునా? నీరు సహజ పదార్థమే అయినను ధృవీకరణ పొందలేదు గనుక కడగరాదు. పోనీ చీపురుతో ఊడవవచ్చునా? చీపురు సహజమే అయినను, ఊడ్చినచో మురికి స్థానభ్రంశం చెందును గనుక ఊడవరాదు. మురికి కదిలితే ఏమిటట అని సూరీడమ్మ అడిగింది. అప్పుడు ఆయన ఆమెకి ఒక ఫారం తీసి చదివి వినిపించాడు. అందులో మొదటి గడి, శుభ్రపరచక మునుపు మురికి స్థాయి, సున్నా నుంచి అయిదు వరకు. రెండో గడి, శుభ్రపరచిన పిదప మురికి స్థాయి. రెండింటికీ తేడా ఎంత ఎక్కువైతే ద్రవం అంత గొప్పది.

గెడ్డపాలెం నేలకి మొదటి గడిలో అర మార్కు వచ్చింది. పక్క పట్టణం వాళ్ళకి ఏ ప్రయత్నమూ లేకుండానే నాలుగు వచ్చాయని తెలిసి విశ్వపతి గారు చిన్నబోయారు. వెంటనే సిబ్బంది సమావేశం పెట్టి, ఇంతకాలం ఈ కార్యాలయం మురికి విషయంలో వెనకబడి ఉండడానికి కారకులెవరో తాను అడగదలచుకోలేదని, ఇకనైనా అందరూ సమష్టిగా కృషి చేసి తొంభైవ రోజుకి అయిదు సాధించాలని కోరారు. గుమ్మంలోని గోనెపట్టా తీయించేశారు. సూరీడమ్మ మెళ్ళో ఒక కార్డు వేశారు. దాని మీద 'మురికి సంరక్షకురాలు' అని ఉంది.

అప్పటిదాకా ఇదేదో పిచ్చి, నాలుగు రోజుల్లో పోతుందనుకుంది సూరీడమ్మ. ఆ కార్డు వేసినప్పుడు దాలినాయుడు మెల్లిగా అసలు సంగతి చెప్పాడు. సరిగ్గా తొంభై రోజులకి ఆమె ఉద్యోగం రెన్యువల్. ఆ ఫారంలో ఒక గడి ఉంది: గత మూడు నెలల్లో శుభ్రపరచిన వైశాల్యం, చదరపు అడుగుల్లో. అందులో సున్నా వేస్తే కంప్యూటరు ఒప్పుకోదు, పేరు దానంతట అదే తీసేస్తుంది.

"మీరే కదా బాబూ కడగొద్దన్నారు?"

"కడగవద్దన్నది ఆరోగ్య విభాగం ఉత్తర్వమ్మా. వైశాల్యం అడిగేది సిబ్బంది విభాగం. రెండూ వేరు వేరు ఫైళ్ళు," అన్నాడు దాలినాయుడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

"మరి ఈ మురికిని కాపలా కాస్తన్నాను. అదైనా రాయండి."

సంరక్షించిన వైశాల్యం అన్న గడి ఆ ఫారంలో లేదని ఆయన రెండుసార్లు వెతికి మరీ చెప్పాడు.

పంతొమ్మిదేళ్ళు కాళ్ళు తుడుచుకోమని అరిచిన గుమ్మంలోనే నిలబడి, కాళ్ళు తుడుచుకోవద్దని చెప్పవలసి వచ్చింది సూరీడమ్మకి. వానాకాలం. వచ్చినవాళ్ళు బురద కాళ్ళతో మొహమాటపడుతూ గుమ్మం దగ్గర ఆగిపోతే, "ఎల్లండి బాబూ, అలగే ఎల్లండి" అని లోపలికి పంపేది. ఇరవయ్యో రోజుకి గచ్చు మీది పువ్వు రేకలు కనిపించడం మానేశాయి. నలభయ్యో రోజుకి అక్కడ పువ్వుందన్న ఆనవాలే లేదు. ఆ రోజు ఆమెకి ఏడుపొచ్చింది. ఉద్యోగం గురించి కాదు, అది ఇంకా యాభై రోజులు ఉంది. ఆ పువ్వు గురించే.

ఈలోగా తొక్కల సేకరణ మొదలైంది. సమావేశ మందిరంలో పన్నెండు నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు దింపించారు. వాటికి సరిపడా తొక్కలు కావాలంటే ఊళ్ళో ఉన్న ఒక్క జ్యూసు బండి చాలదు. అందుచేత సిబ్బంది అందరూ భోజనానంతరం తలో రెండు బత్తాయిలు కార్యాలయ సమయంలోనే ఆరగించి, తొక్కలు సంతకంతో సహా అప్పగించాలని ఆదేశించారు. మొదటివారం ఉత్సాహంగా తిన్నారు. రెండోవారానికి అందరికీ పళ్ళు పులిసిపోయి, అన్నం నమలలేక పెరుగన్నంలోకి దిగారు. అప్పుడు విశ్వపతి గారికి ప్రజల భాగస్వామ్యం గుర్తొచ్చింది. కార్యాలయానికి వచ్చే ప్రతి దరఖాస్తుకీ పావుకిలో తొక్కలు జతపరచాలని నిబంధన పెట్టారు. జనన ధృవపత్రానికి బత్తాయి, కుళాయి కనెక్షన్‌కి నారింజ, మరణ ధృవపత్రానికి మాత్రం సమయోచితంగా నిమ్మ.

గెడ్డపాలెం జనం చిత్రమైనవాళ్ళు. ఒక్కరూ గొడవ చెయ్యలేదు. ఇంతకుముందు ఏం జతపరచాలో తెలిసేది కాదు, ఇప్పుడు స్పష్టంగా తెలిసింది కదా అని సంతోషించినవాళ్ళు కూడా ఉన్నారు. జ్యూసు బండివాడు బండిని ఏకంగా టపా విభాగం కిటికీ పక్కకి మార్చుకున్నాడు. ఒక పెద్దాయన తెలియక అరటితొక్కలు తెస్తే, జతపరచిన తొక్క నిబంధనలకు అనుగుణముగా లేనందున దరఖాస్తు తిరస్కరించడమైనదని రాతపూర్వకంగా ఇచ్చారు. ఆయన ఆ కాగితాన్నీ అరటితొక్కల్నీ పట్టుకుని చాలాసేపు వరండాలో ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. సూరీడమ్మే ఆ తొక్కలు పుచ్చుకుని గేటు దగ్గర మేకకి వేసింది.

డ్రమ్ములు నిండాయి. బెల్లం కలిపారు. తొంభై రోజుల లెక్క తప్పకుండా, ఊరబెట్టిన తేదీని పథకం మొదటి రోజుగానే రిజిస్టరులో రాసుకున్నారు. రోజూ మూత తీయాలని నిపుణుడు చెప్పిన మాట విశ్వపతి గారు మర్చిపోలేదు. కాని ఆయనకి ఇంకొక భయం పట్టుకుంది. మూత తీస్తే ఎవరైనా ద్రవం పట్టుకుపోవచ్చు, లేదా నీళ్ళు కలపవచ్చు. కాబట్టి ఇనుప పట్టీతో మూత బిగించి, గుడ్డ కట్టి, పన్నెండు డ్రమ్ములకీ లక్క ముద్రలు వేయించారు. ఏ రోజుకారోజు ముగ్గురు సభ్యుల సమక్షంలో ముద్ర పగలగొట్టి, మూత తీసి, గాలి వదిలి, మళ్ళీ ముద్ర వేసి, పంచనామా రాసి, సంతకాలు పెట్టాలి. మేనేజర్, ఆరోగ్య విభాగం నుంచి ఒకరు, ప్రణాళికా విభాగం నుంచి ఒకరు. పన్నెండు డ్రమ్ములకి మూడున్నర గంటలు పట్టేది.

పన్నెండు రోజులు ఈ తంతు నిష్ఠగా సాగింది. పదమూడో రోజు ప్రణాళికా విభాగం ఆయన తమ్ముడి పెళ్ళికి వెళ్ళాడు. ఇద్దరితో పంచనామా చెల్లదు గనుక ముద్రలు పగలగొట్టలేదు. అలాగని రిజిస్టరులో గడి ఖాళీగా ఉంచడం దాలినాయుడి వల్ల కాదు. 'మూతలు తెరిచి, వాయువును విడుదల చేసి, తిరిగి ముద్రించడమైనది' అని రాసి, పెళ్ళి నుంచి వచ్చాక సంతకం పెట్టించాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఇంత సులువుగా గాలి వదలవచ్చని అప్పటిదాకా వాళ్ళకి తోచలేదు. పద్నాలుగో రోజు నుంచి ముగ్గురూ ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని టీ తాగుతూ, రిజిస్టరు చేతులు మార్చుకుంటూ, రోజుకి పన్నెండు డ్రమ్ముల గాలి నాలుగు నిమిషాల్లో వదిలేయసాగారు.

యాభయ్యో రోజున సూరీడమ్మ మందిరంలోకి వెళ్ళి ఒక డ్రమ్ము మీద చెయ్యి వేసి చూసింది. మంట దగ్గర కాచిన డప్పులా బిగిసిపోయి ఉంది. పక్కలు ఉబ్బి, మూత మధ్యలో పైకి లేచింది. పరుగున వెళ్ళి దాలినాయుడికి చెప్పింది. ఆయన ఆదుర్దాగా రిజిస్టరు తెరిచి, రోజూ గాలి వదులుతున్నట్టే ఉందని చూసుకుని ఊరట చెందాడు.

"రిజిస్టర్లోది కాదు బాబూ, డ్రమ్ములోది సూడండి. పేలిపోద్ది."

అటువంటిదేమైనా ఉంటే రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. ఆమెకి రాత రాదు. గేటు బయట అర్జీలు రాసే మనిషి చేత రాయించి, పావుకిలో నారింజ తొక్కలు జతపరచి టపాలో ఇచ్చింది. ఇరవయ్యొక్క రోజులకి జవాబు వచ్చింది. ఆ మనిషే చదివి వినిపించాడు. 'మీ అర్జీలో పేర్కొనిన వాయువు ఈ కార్యాలయపు రికార్డులలో ఎచ్చటను కానరాలేదు. సదరు వాయువు ప్రతిదినము విడుదల చేయబడుచున్నట్లు త్రిసభ్య బృందము ధృవీకరించియున్నది. కావున మీ అర్జీ మూసివేయడమైనది.'

ఉబ్బు సంగతి విశ్వపతి గారు కూడా గమనించారు. గమనించి ముచ్చటపడ్డారు. టేపు తెప్పించి డ్రమ్ముల నడుము కొలిపించి, ద్రావణం పరిమాణంలో పదకొండు శాతం వృద్ధి నమోదైనదని పైకి నివేదిక పంపారు. రాష్ట్రంలో మరెక్కడా ద్రావణం వృద్ధి చెందలేదు. ఆ నివేదిక చదివి ప్రాంతీయ సంచాలకులు మాలతీదేవి గారు తొంభైవ రోజున తానే స్వయంగా వచ్చి మూతలు తెరిపిస్తానని కబురు పెట్టారు.

ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం సూరీడమ్మ ఆఖరిసారి చెప్పి చూసింది. ముద్రలు తానే పగలగొడదామనుకుంది కూడా. కాని ముద్ర మీద చెయ్యి వేస్తే రెన్యువల్ దాకా ఆగక్కర్లేదు, ఆ రోజే ఇంటికి పంపేస్తారు. ఇంటికి వెళ్ళి కుంకుడుకాయల మూట విప్పింది. ఎనభయ్యేళ్ళ అత్త గింజలు ఏరుతూ, ఆపీసులో కడగనివ్వనప్పుడు ఇవెందుకని అడిగింది. "రేపు కావాలి," అంది సూరీడమ్మ. ఒక పెద్ద బకెట్టు నిండా నానేసింది. పొద్దున్న మరిగించి వడగట్టి, తీసుకెళ్ళి ఆఫీసు పెరట్లో కుళాయి పక్కన పెట్టుకుంది. పెరడు కార్యాలయం కిందికి రాదని ఉత్తర్వు రోజునే దాలినాయుణ్ణి అడిగి ఉంచుకుంది.

మాలతీదేవి గారు పదిన్నరకి వచ్చారు. గంజిపెట్టిన చీర, జుట్టు ఒక్క వెంట్రుక చెదరకుండా ముడి. వరండాలో మురికి చూసి ఆవిడ అడుగు వెయ్యడానికి సందేహించారు. విశ్వపతి గారు గర్వంగా, మొదటి గడికి పూర్తి అయిదు మార్కులు సాధించామని, సిబ్బంది ఎంతో శ్రమపడ్డారని విన్నవించారు. మందిరంలో డ్రమ్ములు పన్నెండూ పూలదండలు వేసుకుని, గర్భిణుల్లా నిండుగా నిలబడి ఉన్నాయి.

మొదటి మూత ఎవరు తెరవాలన్నది రెండు రోజులుగా తెగని సమస్య. ఏ విభాగానికి ముందిచ్చినా రెండో విభాగం నొచ్చుకుంటుంది. అందుకని పన్నెండు మంది పన్నెండు డ్రమ్ముల దగ్గర నిలబడి, కమిషనర్ గారు మూడు లెక్కపెట్టగానే ఏకకాలంలో పట్టీలు విప్పాలని నిర్ణయించారు. సూరీడమ్మ గుమ్మం బయట నిలబడి, చీరకొంగు తలమీదుగా కప్పుకుని, ముక్కు మూసుకుంది. ఆమె ఎందుకలా చేసిందో ఎవరూ అడగలేదు.

విశ్వపతి గారు మూడు అన్నారు.

పన్నెండు మూతలూ ఒకేసారి వెళ్ళి పైకప్పుకి తగిలాయి. దాదాపు రెండు నెలలుగా రిజిస్టరులో మాత్రమే విడుదలవుతున్న గాలి ఒక్కసారిగా నిజంగా విడుదలైంది. దాని వెనకే తొక్కలు, నురగ, బెల్లపు జిగురు పన్నెండు ధారలుగా లేచి, పైకప్పు దాకా వెళ్ళి, అందరి మీదా సమానంగా కురిశాయి. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ అదురుకి పక్క గదిలో గోడనున్న ప్రశంసాపత్రం మాత్రం కింద పడింది. మాలతీదేవి గారు కుర్చీలోంచి కదల్లేదు. ఆవిడ ముడి మీద ఒక బత్తాయి తొక్క బోర్లాపడి ఉంది. జుట్టంతా బెల్లంతో అట్టకట్టి, చెంపల మీదుగా కారుతోంది.

"ద్రావణం విడుదలైంది మేడమ్," అన్నారు విశ్వపతి గారు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

సూరీడమ్మ లోపలికి వచ్చి ఎవరినీ అడక్కుండా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "రండమ్మా. ఆరితే జుట్టు కత్తిరించుకోవాల," అని పెరట్లోకి నడిపించుకుపోయింది. పీట వేసి కూర్చోబెట్టి, తల వంచమని, బకెట్టులోంచి చెంబుడు కుంకుడు రసం తీసి పోసింది.

"కళ్ళు మూసుకోండమ్మా. మండుద్ది."

మాలతీదేవి గారు కళ్ళు మూసుకున్నారు. సూరీడమ్మ చేతులు పంతొమ్మిదేళ్ళు గచ్చు రుద్దిన చేతులు. కుదుళ్ళ దాకా వేళ్ళు దించి రుద్దుతుంటే నురగ లేచింది. జిగురు వదిలింది. తొక్కలు ఒక్కొక్కటే జారిపోయాయి. చిన్నప్పుడు నాయనమ్మ ఆదివారాలు తలంటు పోస్తుంటే ఇలాగే కళ్ళు మూసుకుని కూర్చున్న సంగతి ఆవిడకి గుర్తొచ్చింది. ఆ వాసన తగిలి ఎన్నేళ్ళయిందో.

"ఇది ఎన్ని రోజులు ఊరబెట్టావు?" అని చాలాసేపటికి అడిగారు.

"నిన్న సాయంత్రం నానేసినానమ్మా."

"ఎవరు ధృవీకరించారు?"

"ఎవుళ్ళూ నేదు. ఈ ఆపీసు నేల కడిగే నీళ్ళేనమ్మా ఇవి. మూడు నెల్ల కిందట వొద్దన్నారు."

మాలతీదేవి గారు తల ఇంకాస్త వంచారు. "ఇంకో చెంబు పొయ్యి," అన్నారు.

తల తుడుచుకుంటున్నప్పుడు సూరీడమ్మ రెన్యువల్ సంగతి చెప్పింది. ఏడవలేదు, బతిమాలలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆవిడ అక్కడికే రెన్యువల్ ఫారం, పథకం ఫారం రెండూ తెప్పించారు. దాలినాయుడు ఒళ్ళంతా నారింజ పీచుతో పరుగెత్తుకొచ్చాడు. వైశాల్యం గడి ఖాళీగా ఉందని, సున్నా వేస్తే పేరు పోతుందని, అలాగని కడగని నేలను కడిగినట్టు రాయడానికి కొలతల పుస్తకం ఒప్పుకోదని చెప్పాడు. గాలి విషయంలో లేని పట్టింపు ఆయనకి నేల విషయంలో హఠాత్తుగా వచ్చింది.

"ఈ మూడు నెలల్లో నువ్వు నిజంగా కడిగింది ఏమైనా ఉందా?" అని అడిగారు మాలతీదేవి గారు.

"మీ తల ఒక్కటేనమ్మా," అంది సూరీడమ్మ.

ఆవిడ కలం తీసుకున్నారు. దాలినాయుడు టేపు పట్టుకుని వినయంగా కొలిచాడు. 'శుభ్రపరచిన వైశాల్యం: ఒకటింపావు చదరపు అడుగులు. ప్రదేశం: ప్రాంతీయ సంచాలకుల శిరస్సు. మునుపటి మురికి స్థాయి అయిదు, తదుపరి స్థాయి సున్నా.' కింద సంతకం పెట్టారు. కంప్యూటరు మారుమాట లేకుండా ఒప్పుకుంది.

అక్కడితో ఆగితే అది ప్రభుత్వం కాదు. నెల తిరక్కుండా పైనుంచి మరో కాగితం వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద ప్రకృతి పరిశుభ్రతా పథకం కింద అయిదు నుంచి సున్నాకి మురికి తగ్గినట్లు నమోదైన ప్రదేశం ఒక్కటే గనుక, ఆ ప్రదేశం ఒక అధికారి శిరస్సు గనుక, ఇకమీదట ప్రతి కార్యాలయంలోను ద్రవమును ముందుగా కార్యాలయాధిపతి శిరస్సుపై ప్రయోగించి, ఫలితము సంతృప్తికరమని తేలిన పిదపనే మిగిలినది నేలపై వాడవలెనని అందులో ఉంది. రికార్డు గదిలోని నల్లకుండని పంచనామాతో విడుదల చేశారు.

ఇప్పుడు ప్రతి సోమవారం తొమ్మిది గంటలకి విశ్వపతి గారు పెరట్లో పీట మీద, భుజాన తువ్వాలుతో కూర్చుంటారు. ఆయన తలమీద జుట్టు చుట్టూ అంచులా మాత్రమే ఉంటుంది. మిగతాదంతా ఖాళీ స్థలం. దాలినాయుడు రెండూ విడివిడిగా కొలిచి రాస్తాడు. సూరీడమ్మ చెంబుడు పోసి, కళ్ళు మూసుకోండి బాబూ అంటుంది. ఆయన అప్పటికే మూసుకుని ఉంటారు. ఫలితం సంతృప్తికరమని సంతకం అయ్యాక, ఆమె మిగిలిన బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళి, చీపురు నేలకి వేస్తుంది.

మొదటి సోమవారం ఎంత రుద్దినా ఎర్రదనం రాలేదు. రెండో సోమవారం గచ్చు తేలింది. మూడో సోమవారం, తడి ఆరుతుండగా, వరండా నడుమ ఎనిమిది రేకలూ ఒకదాని తరువాత ఒకటి కనిపించాయి. సూరీడమ్మ మెట్టు మీద కూర్చుని వాటిని చూసుకుంది. కాసేపటికి విశ్వపతి గారు తల తుడుచుకుంటూ, పెరటి బురద కాళ్ళతో గుమ్మం దాకా వచ్చారు.

"కాళ్ళు తుడుసుకొని రండి బాబూ," అంది సూరీడమ్మ, కూర్చున్న చోటునుంచి లేవకుండానే.

ఆయన కిందికి చూశారు. గోనెపట్టా దాని చోట్లోకి వచ్చి ఉంది. ఏ ఉత్తర్వు ప్రకారం వచ్చిందని అడగబోయి, మానేసి, రెండు కాళ్ళూ తుడుచుకున్నారు.